కంపెనీ వదిలేసింది... వాళ్లు వదల్లేదు!

జనరల్ మోటార్స్ ‘పాంటియాక్’ కార్ల పేరుని చరిత్రకి అప్పగించి పదిహేనేళ్లు దాటింది. ఆ పేరుకి వన్నె తెచ్చిన వీ8 ఇంజన్ తయారీ ఆగి నలభై ఏళ్లు దాటింది. అయినా అమెరికా డ్రాగ్ రేసు ట్రాకుల మీద ఆ ఇంజన్ ఇంకా గర్జిస్తోంది. ఆ బ్రాండు ఉన్న రోజులకన్నా ఎక్కువ బలంతో, ఎక్కువ వేగంతో!

ముందుగా ట్రాక్ మీద నీళ్లు చల్లుతారు. ఆ తడి మీదికి వెనక చక్రాలు వచ్చేదాకా కారుని మెల్లగా తెచ్చి ఆపుతాడు డ్రైవరు. ముందు చక్రాల బ్రేకుల్ని మాత్రమే బిగించి ఉంచే ఏర్పాటు ఒకటుంటుంది, లైన్‌లాక్ అంటారు. అది నొక్కి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెడతాయి. రబ్బరు కాలి, తెల్లటి పొగ లేచి కారుని సగం కమ్మేస్తుంది. చూసేవాళ్లకి అదో ఆర్భాటం. డ్రైవరుకి అది అవసరం. వేడెక్కిన టైరు జిగురెక్కి నేలని పట్టుకుంటుంది. చల్లటి టైరుతో అంత బలాన్ని నేలకి దించడం అయ్యే పని కాదు.

తర్వాత అంగుళం అంగుళం జరుపుకుంటూ గీత దగ్గరికి తెస్తాడు. ఎదురుగా ‘క్రిస్మస్ ట్రీ’ అని పిలిచే దీపాల స్తంభం. పైనున్న చిన్న దీపాలు వెలిగాయంటే ముందు చక్రం గీత మీద సరిగ్గా ఉన్నట్టు. ఆ కింద మూడు పసుపు దీపాలు అరసెకను తేడాతో ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆ తర్వాత పచ్చదీపం. అది వెలిగేదాకా ఆగినవాడు అప్పటికే వెనకబడ్డట్టు. చేయితిరిగినవాళ్లు మూడో పసుపు దీపానికే కదులుతారు. ఆత్రపడి రవ్వంత ముందు కదిలితే ఎర్రదీపం పడుతుంది, ఆ రౌండు అక్కడితో సరి. ముందున్నది పావు మైలు. 1,320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్ల తిన్నని దారి.

ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సుకి దక్షిణాన నార్వాక్ అనే చిన్న ఊరుంది. అక్కడి సమిట్ మోటార్‌స్పోర్ట్స్ పార్క్, డాలరుకి పౌను ఐస్‌క్రీమ్ పెట్టే ట్రాక్‌గా అమెరికా రేసు అభిమానులకి బాగా తెలుసు. ఆగస్టులో జరిగే ట్రై-పవర్ పాంటియాక్ నేషనల్స్‌కి ఆ ప్రాంగణం పాంటియాక్‌లతో నిండిపోతుంది. జీటీవోలు, ఫైర్‌బర్డ్‌లు, కాటలినాలు, లెమాన్స్‌లు. వరసగా బానెట్లు ఎత్తి ఉంటాయి, లోపల లేతనీలం రంగు పూసిన ఇంజన్లు. ఆ నీలాన్ని దూరం నుంచే గుర్తుపట్టి, వేరే కంపెనీ బండిలో వచ్చినవాళ్లు కూడా ఆగి పలకరిస్తారు. అక్కడ అరవై ఏళ్ల కిందటి కారు పక్కన టర్బోలు బిగించిన కారు నిలబడి ఉన్నా ఎవరికీ వింతగా అనిపించదు.

అన్నీ ఒకే వేగంతో పరుగెత్తలేవు కదా, మరి పోటీ ఎలా? అందుకే ‘బ్రాకెట్ రేసింగ్’. తన కారు పావు మైలుని ఎన్ని సెకన్లలో దాటుతుందో డ్రైవరే ముందుగా అద్దం మీద తెల్లటి షూ పాలిష్‌తో రాసుకుంటాడు. పన్నెండు సెకన్ల కారు, పది సెకన్ల కారు తలపడితే నెమ్మది కారుకి రెండు సెకన్లు ముందుగా పచ్చదీపం పడుతుంది. రాసుకున్న సమయంకన్నా వేగంగా వెళ్లినా చిక్కే, సాధారణంగా ఓడిపోయినట్టే. అంటే అక్కడ గెలిచేది తన కారు ఎండకి ఎలా ఉంటుందో, సాయంత్రం గాలి చల్లబడ్డాక ఎలా మారుతుందో సెకనులో వందోవంతు దాకా ఎరిగినవాడు. ఈ పద్ధతి వల్లే పాత కార్లకి, ఒక మోస్తరు సంపాదన ఉన్నవాళ్లకి డ్రాగ్ రేసింగ్‌లో ఇంకా చోటుంది.

ముసలివాళ్ల కారుకి యవ్వనం

పాంటియాక్ 1926లో పుట్టింది. అప్పటికే జనరల్ మోటార్స్ చేతిలో ఉన్న ఓక్లాండ్ అనే బ్రాండుకి తోడుగా తెచ్చిన చవక కారు అది. పెద్దది కనుమరుగై తోడొచ్చిందే నిలిచింది. మిషిగన్‌లో అదే పేరున్న పట్టణం దాని సొంతూరు. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లని ఎదిరించిన ఒడావా తెగ నాయకుడు పాంటియాక్ పేరే ఆ ఊరిదీ, కారుదీ.

1950ల మధ్యదాకా అది పెద్దవయసువాళ్ల కారు. నమ్మకమైనదే కానీ సాదాసీదాది. 1955లో 287 ఘనపుటంగుళాల కొత్త వీ8 ఇంజన్ వచ్చింది. మరుసటేడు సెమన్ ‘బంకీ’ నుడ్సన్ జనరల్ మేనేజరయ్యాడు. బానెట్ మీద ఏళ్లతరబడి ఉన్న వెండి చారల్ని తీయించేశాడు. ఇంజినీర్లు పీట్ ఎస్టెస్‌నీ జాన్ డెలోరియన్‌నీ తెచ్చుకున్నాడు. గెలుపే ప్రకటన అనుకుని రేసుల వైపు దృష్టి పెట్టాడు.

1960 సెప్టెంబరులో యూటా రాష్ట్రపు బొనవిల్ ఉప్పునేల మీద మికీ థాంప్సన్ ‘చాలెంజర్’ అనే బండిని గంటకి 406 మైళ్ల పైచిలుకు వేగంతో తోలాడు. దానికి నాలుగు పాంటియాక్ ఇంజన్లు. తిరుగు పరుగులో బండి మొరాయించడంతో అధికారిక రికార్డు దక్కలేదు. అయినా ఆ అంకె అమెరికా అంతా మార్మోగింది. అదే నెలలో డెట్రాయిట్ డ్రాగ్‌వేలో జరిగిన జాతీయ పోటీల్లో జిమ్ వాంగర్స్ కాటలినా కారుతో స్టాక్ విభాగం గెలిచాడు. పాంటియాక్ ప్రకటనల సంస్థలో పనిచేసే మనిషి ఆయన. కారేమో రాయల్ ఓక్ పట్టణంలోని రాయల్ పాంటియాక్ అనే డీలరుది. డీలరు షెడ్డులోనే కారుని రేసుకి సిద్ధం చేసి అమ్మడం అప్పట్లో కొత్త. కొనుక్కున్న కుర్రాళ్లు నేరుగా ఉడ్‌వర్డ్ అవెన్యూ మీదికి వెళ్లేవారు. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి పాంటియాక్ ఊరిదాకా సాగే ఆ దారి, అరవైల్లో రాత్రయితే అనధికార రేసు ట్రాక్. ఇప్పుడు ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో ఉంటూ కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగు ఇంజినీర్లు ఎందరో ఆ దారినే పోతుంటారు.

1963లో తయారైన ఒక రకం కాటలినా గురించి చెప్పి తీరాలి. బరువు తగ్గించడానికి బానెట్టు, ఫెండర్లు, బంపర్లు అల్యూమినియంతో చేశారు. అయినా చాల్లేదు. చాసిస్ ఉక్కు పట్టీలకి బొక్కలు పెట్టారు. ఒకటీ రెండూ కాదు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వరసగా, పిడికిలి పట్టేంత గుండ్రటి బొక్కలు. ‘స్విస్ చీజ్’ అని పేరుపడిపోయింది. ఇంజను 421 ఘనపుటంగుళాల సూపర్ డ్యూటీ. చేసినవి పద్నాలుగే. అవి ట్రాక్ మీదికి వచ్చేసరికి, ఆ జనవరిలోనే, జనరల్ మోటార్స్ తన శాఖలన్నీ రేసుల నుంచి తప్పుకోవాలని హుకుం జారీ చేసింది. ఫ్యాక్టరీ అండ ఒక్క కాగితంతో పోయింది. పాంటియాక్‌తో రేసులాడేవాళ్లు కంపెనీ సాయం లేకుండా బతకడం నేర్చుకున్నది అప్పటినుంచే.

ఇలినాయ్ రాష్ట్రంలోని మారిసన్‌కి చెందిన ఆర్నీ బెస్విక్ ఆ తరం మనిషి. నిజంగానే రైతు, అందుకే రేసుల్లో ఆయన్ని ‘ఫార్మర్’ అనేవారు. మిస్టరీ టొర్నాడో, టేమ్‌లెస్ టైగర్ లాంటి పేర్లు పెట్టుకున్న పాంటియాక్‌లతో ఊరూరా తిరిగి పందేలు ఆడాడు. కంపెనీ తప్పుకున్నాకా ఆడాడు, ఎనభై దాటాకా డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇవాళ నార్వాక్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి ఆయన పేరు ఇంట్లో పెద్దాయన పేరంత మామూలు.

రేసులు వద్దన్న కంపెనీని రోడ్డు మీదే గెలిచిన కథ జీటీవోది. మధ్యస్థ కార్లలో 330 ఘనపుటంగుళాలకి మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ నియమం. డెలోరియన్ బృందం 389 ఇంజన్ని కారుగా కాకుండా, టెంపెస్ట్ లెమాన్స్ కొనేవాళ్లు అదనంగా కోరుకోగలిగే ‘ఆప్షన్’గా చూపించి 1964లో బయటికి వదిలింది. ఏడాదిలో 32,450 అమ్ముడయ్యాయి. ఆ దశకంలో చాలా ఏళ్లు అమెరికా అమ్మకాల్లో పాంటియాక్‌ది మూడో స్థానం. పాత వీ8లు స్క్రాప్‌యార్డుల్లో, గడ్డివాముల పక్క షెడ్లలో ఇంకా దొరుకుతున్నాయంటే అప్పుడు అన్ని అమ్మబట్టే.

నేతిబీరకాయలో నెయ్యి

1981తో పాంటియాక్ సొంత వీ8 ఆగిపోయింది. కాలుష్య నియమాలు, పెట్రోలు ధరలు, ఒకే ఇంజన్ని అన్ని బ్రాండ్లకీ పంచితే మిగిలే డబ్బు, ఇవన్నీ కలిసి దాన్ని ముగించాయి. ఆ తర్వాత బానెట్ మీద పాంటియాక్ అని ఉన్నా లోపలిది గ్రూపులో ఎవరిదో ఒకరి ఇంజను. పెద్ద రేసుల్లోనూ అదే తీరు. తొంభైల్లో జాన్ ఫోర్స్ ఫైర్‌బర్డ్ ఆకారపు కారుతో ‘ఫన్నీ కార్’ విభాగంలో గెలిచాడు. గ్రెగ్ ఆండర్సన్ 2003, 2004లలో గ్రాండ్ యామ్ ఆకారంతో ‘ప్రో స్టాక్’ విభాగంలో చాంపియనయ్యాడు. ఆ విజయాలు గొప్పవే. వాటి ఇంజన్లలో మాత్రం 1955 నాటి పాంటియాక్ ఎంత ఉందంటే, నేతిబీరకాయలో నెయ్యంత.

2009 ఏప్రిల్ 27న జనరల్ మోటార్స్ ఈ బ్రాండుని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నెల దాటిన కొద్ది రోజులకే ఆ కంపెనీయే దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. 2010 అక్టోబరు 31తో డీలర్ల ఒప్పందాలు ముగిశాయి. బోర్డులు దిగాయి. అయితే పాత ఇంజన్ పట్టుకుని రేసులాడేవాళ్లకి ఆ రోజుతో పోయిందేమీ లేదు. వాళ్ల ఇంజన్‌కి కంపెనీ స్పేర్ పార్టులు చేయడం ఎప్పుడో మానేసింది. అప్పటికే వాళ్ల దారి వాళ్లు వేసుకున్నారు.

విరిగింది కాబట్టే...

నా దృష్టిలో అసలు కథ ఇక్కడుంది. ఇలినాయ్‌లో, రూట్ 66 మీద, పాంటియాక్ అనే పేరున్న మరో ఊళ్లో 2011లో ఓ మ్యూజియం తెరిచారు. పాంటియాక్, ఓక్లాండ్ కార్లకే అంకితమైన ఆ ప్రయత్నం మెచ్చుకోదగ్గది. కానీ అద్దంలా తుడిచి నిలబెట్టిన కారుకి కొత్త పిస్టన్ అక్కర్లేదు. పావు మైలు పరుగెత్తే కారుకి కావాలి, మళ్లీ మళ్లీ కావాలి. డ్రాగ్ రేసు ఇంజన్లోని బలహీనతని సెకన్లలో బయటపెడుతుంది. విరిగిన ప్రతి ముక్కా ‘దీన్ని ఇంకా గట్టిగా ఎవరు చేస్తారు?’ అని అడుగుతుంది. ఎవరో ఒకరు లేత్ ముందు నిలబడి జవాబు చెబుతారు. ఈ ఇంజన్‌కి ఇవాళ కొత్త భాగాలు దొరుకుతున్నాయంటే కారణం, కొందరు దాన్ని నిర్దాక్షిణ్యంగా పరుగెత్తించడమే.

పాంటియాక్ వీ8లో ఓ సుగుణం ఉంది. 287 నుంచి 455 దాకా అన్నీ దాదాపు ఒకే ఒడ్డూ పొడుగూ. ఇంటి అవసరాలకి కొన్న మామూలు కారులోని 350 ఇంజన్ తీసి, అదే చోట 455 దించొచ్చు. అంటే దాదాపు 7,460 సీసీ, మన మారుతీ 800 ఇంజన్‌కి తొమ్మిది రెట్లు. బిగించే చోట్లు కూడా మారవు. బయట నుంచి చూసి ఏది ఎంతదో చెప్పడం కష్టం. అందుకే పాంటియాక్ మనుషులు అంకెలు చదువుతారు. మురికి పట్టిన ఇంజన్ దొరికితే ముందు గుడ్డతో తుడిచేది హెడ్ మధ్యలో ఎగ్జాస్ట్ దారుల మీద పోతపోసిన అంకెని. 670 కనిపిస్తే 1967 నాటిది. 16 అంటే ఆ మరుసటేడుది. 6ఎక్స్ అంటే డెబ్బైల నడిమిది. బ్లాకు వెనక అంచున మరో అంకె ఉంటుంది. 1975 నాటి 400 బ్లాకు మీద 557తో ముగిసే అంకె కనిపిస్తే తెలిసినవాళ్లు పెదవి విరుస్తారు. అందులో లోహం పలచన.

బలహీనతలూ అంతే స్పష్టం. కనెక్టింగ్ రాడ్లు పోతపోసినవి, ఎక్కువ వేగానికి తట్టుకోవు. చాలా బ్లాకుల్లో క్రాంక్‌ని పట్టి ఉంచే మెయిన్ క్యాప్‌లకి రెండేసి బోల్టులే. 455లో మెయిన్ జర్నల్, అంటే బేరింగులో తిరిగే క్రాంక్ భాగం, వ్యాసం మూడుంపావు అంగుళాలు. జర్నల్ ఎంత లావైతే బేరింగ్ మీద రాపిడి వేగం అంత ఎక్కువ. ఇంజను బాగా తిప్పినప్పుడు ఆయిలు పొర నిలవకపోతే కథ కంచికే.

దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. 455 వదిలేసి 400 బ్లాకు తీసుకుంటారు. దాని జర్నల్ మూడే అంగుళాలు. సిలిండర్లని 35 వెయ్యోవంతుల అంగుళం మేర రీబోర్ చేయిస్తారు. పిస్టన్ నాలుగుంపావు అంగుళాలు కదిలేలా కొత్త క్రాంక్ వేస్తారు. రాడ్లు మాత్రం షెవర్లే పెద్ద వీ8 కొలతవి, ఫోర్జింగ్ చేసినవి, బజారులో తేలిగ్గా దొరికేవి. అన్నీ కలిపితే 461 ఘనపుటంగుళాలు. పాంటియాక్ ఏ కేటలాగులోనూ ఎప్పుడూ అచ్చువేయని అంకె అది. ఇవాళ నార్వాక్‌లో ఏ ఇంజను అని అడిగితే తరచూ వినిపించే జవాబు కూడా అదే.

ఎడెల్‌బ్రాక్ అల్యూమినియం హెడ్లు తెచ్చింది. టెనెసీలోని బట్లర్ పెర్ఫార్మెన్స్, ఒహాయోలోని కాఫ్‌మన్ రేసింగ్ ఎక్విప్‌మెంట్ లాంటి సంస్థలు హెడ్లు, బ్లాకులు, పూర్తి ఇంజన్లు అందిస్తున్నాయి. ఫ్యాక్టరీ రోజుల్లో మంచి జీటీవో పావు మైలుకి పద్నాలుగు పదిహేను సెకన్లు తీసుకునేది. ఇప్పుడు రోడ్డు మీద కూడా నడిపే 461లు పదకొండు, పది సెకన్లలోకి దిగుతున్నాయి. టర్బోలు బిగించి ఏడు సెకన్లలోపే దాటిన పాంటియాక్ ఇంజన్లూ ఉన్నాయి. జిమ్ హ్యాండ్ అనే ఆయన 1971 లెమాన్స్ స్టేషన్ వ్యాగన్‌ని, సంసారం మొత్తం సామానుతో సహా ఎక్కే బండిని, 455 ఇంజన్‌తో పదకొండు సెకన్లలో పరుగెత్తించాడు. తర్వాత ఆ విద్యంతా పుస్తకంగా రాశాడు. నాకు టర్బో రికార్డులకన్నా ఆ వ్యాగనే ఎక్కువ ఇష్టం.

ఏది పాంటియాక్?

బ్లాకు కొత్తది, హెడ్లు వేరేవాళ్లవి, క్రాంక్ బయటిది, రాడ్లు షెవర్లే కొలతవి. ఇక అందులో పాంటియాక్ ఏముంది? ఈ ప్రశ్న ట్రాక్ పక్కన మడత కుర్చీల్లో ఎన్ని సాయంత్రాలైనా నలుగుతుంది. జవాబు ఇంజన్లోనే ఉంది. డిస్ట్రిబ్యూటర్ వెనకే ఉంటుంది. ఇన్‌టేక్ కింద లోయకి విడిగా రేకు మూత ఉంటుంది, షెవర్లేలో ఇన్‌టేకే మూత. సిలిండర్ల మధ్య దూరం 1955లో గీసినంతే. కొత్త భాగం తెచ్చి పాతదాని మీద పెడితే బోల్టు రంధ్రాలు కలుస్తాయి. అలా కలిసినంతకాలం అది పాంటియాకే అని నా నమ్మకం.

అవతలి వాదన బలమైనదే. జనరల్ మోటార్స్‌దే ఎల్ఎస్ ఇంజను 1997 నుంచి లక్షల్లో వచ్చింది. తేలిక, చవక, స్క్రాప్‌యార్డులో అడుగుపెడితే దొరుకుతుంది. అదే డబ్బుకి ఎక్కువ బలం ఇస్తుంది. పాత ఫైర్‌బర్డ్‌లో అది దించితే ఖర్చు సగానికి సగం తగ్గుతుందని పట్టుదలగా ఉన్నవాళ్లూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని మళ్లీ పాంటియాక్ బ్లాకునే వెతుక్కుంటారు. షెవర్లే చిన్న వీ8ని పొగిడేవాళ్లకి వాళ్లు ఓ సంగతి గుర్తుచేస్తారు: వాల్వుల్ని కదిలించే రాకర్ ఆర్మ్‌ని రేకుతో నొక్కి, బంతి మీద ఊగేలా చేయడం పాంటియాక్ ఇంజినీరు క్లేటన్ లీచ్ ఆలోచన. 1955లో షెవర్లే కూడా దాన్నే వాడుకుంది. పోటీదారు ఇంజన్ పరుగులో తమవాడి చెయ్యి ఉందన్న గర్వం వాళ్లది, అందులో న్యాయముంది.

దిక్కులేని బ్రాండు పాంటియాక్ ఒక్కటే కాదు. ప్లిమత్ 2001లో, ఓల్డ్స్‌మొబైల్ 2004లో పోయాయి. ప్లిమత్ వాళ్లకి కాస్త నయం. వాళ్ల ఇంజను డాడ్జ్‌తో ఉమ్మడి కాబట్టి భాగాలకి లోటు లేదు. 1987లో క్రైస్లర్ చేతికి పోయిన ఏఎంసీ వాళ్ల కష్టమే కష్టం. 1969లో డ్రాగ్ రేసు కోసం 52 ఏఎంఎక్స్ కార్లు చేయించిన కంపెనీ అది. అమ్మినవి తక్కువ కాబట్టి దొరికేవీ తక్కువే. మన దగ్గర ఈ పట్టుదల రెండు చక్రాల మీద కనిపిస్తుంది. 1996లో ఆగిపోయిన యమహా ఆర్ఎక్స్ 100ని ఇప్పటికీ సిలిండర్ పోర్టులు అరగదీసి డ్రాగ్ రేసులకి తెచ్చే మెకానిక్కులకి నార్వాక్ మాటలు అనువాదం లేకుండానే అర్థమవుతాయి.

ఇప్పుడు అందరి ముందూ ఉన్న లెక్క ఒకటే. ఇంజన్ని రీబోర్ చేసిన ప్రతిసారీ సిలిండర్ గోడలో కొంత లోహం పోతుంది. సాధారణంగా 30 వెయ్యోవంతుల అంగుళంతో మొదలవుతుంది. 60 దాటాక గోడ పలచబడి వేడెక్కుతుంది, రేసుకి పనికిరాదు. అంటే మంచి పాత బ్లాకుకి కూడా రెండు మూడు ఆయుష్షులే. యాభై ఏళ్లలో చాలావాటికి అవి తీరిపోయాయి. అందుకే ఖర్చు ఎక్కువైనా కొత్తగా పోసిన బ్లాకుల వైపు మళ్లుతున్నారు. వాటిలో మందమైన గోడలు, మెయిన్ క్యాప్‌కి నాలుగేసి బోల్టులు ఉంటాయి. తాత వదిలివెళ్లిన జీటీవో ఉండి, తొలి ఇంజన్ చెదరకూడదనుకునే కుర్రాళ్లలో కొందరు ఇంకో దారి పట్టారు. అసలు బ్లాకుని తీసి గ్యారేజీలో గుడ్డకప్పి భద్రపరుస్తారు. కొత్త బ్లాకు మీద తాత నాటి 670 హెడ్లు బిగించి, పెట్రోలు పోసి, శనివారం ట్రాక్‌కి తీసుకెళ్తారు.